విండోస్ ఎక్స్‌పీకి మళ్ళీ అప్‌డేట్లు: లెగసీ అప్‌డేట్‌పైన, దాని తోటి పనిముట్లపైన ఒక సమీక్ష

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు నిలిపివేసింది. 2001 అక్టోబరు 25న విడుదలైన ఆ సిస్టమ్ పన్నెండేళ్ళకు పైగా అప్‌డేట్లు అందుకుంది కాబట్టి ఆ సంస్థ నిర్ణయాన్ని తప్పుపట్టనక్కర్లేదు. అయితే మద్దతు ఆగినంత మాత్రాన దాన్ని నమ్ముకున్న పని ఆగదు. తెలుగునాట ఆ పని ఏమిటో డీటీపీ సెంటర్‌లో కాసేపు కూర్చున్న వారెవరికైనా తెలుసు. పుటలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగుకూ ఫాంట్లకూ వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, ఆ రెండింటితో కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కవితా సంపుటాలు, దేవస్థానాల ఉత్సవ సంచికలు ఏళ్ళ తరబడి పోగుపడి ఉన్నాయి. వాటిని తెరిచి, ఒక పేరు మార్చి, ఒక తేదీ సరిచేసి మళ్ళీ ముద్రించాలంటే అవి పుట్టిన వాతావరణమే కావాలి.

ఫైళ్ళను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకుంటే సరిపోదా అని అడగవచ్చు. పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగల ఇన్‌డిజైన్ వెర్షన్లలో చివరిది సీఎస్6. ఆ తరువాత వచ్చిన సీసీ వెర్షన్లు వాటిని గుర్తించవు. ఒకవేళ తెరిచినా, అను ఫాంట్లలోని పాఠ్యం, ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేత స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు, గుణింతపు గుర్తులు, వత్తులు సర్ది ఉంటాయి. ఫాంట్ లేని యంత్రంలో అదే పుట అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి కూడా. కానీ మార్చిన ప్రతి పుటనూ వత్తులతో సహా మళ్ళీ ప్రూఫు చూడక తప్పదు, పంక్తుల విరుపులన్నీ మారిపోతాయి. నాలుగు వందల పుటల పుస్తకానికి రెండు అచ్చుతప్పులు సరిచేయడం కోసం అంత శ్రమ ఎవరూ పెట్టరు. అందుకే ఎక్స్‌పీని ఇంకా వాడుతున్నవారిని మందలించి లాభం లేదు. ఆ యంత్రాన్ని ఎంత మంచి స్థితిలో ఉంచగలం అన్నదే అసలు ప్రశ్న. లెగసీ అప్‌డేట్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ సేవను నేను ఆ దృష్టితోనే పరిశీలించాను.

మద్దతు ఆగిన తరువాత కూడా ఎక్స్‌పీకి అంతకుముందు వచ్చిన అప్‌డేట్లు చాలాకాలం అందుబాటులోనే ఉండేవి. సిస్టమ్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా, స్టార్ట్ మెనూలోని విండోస్ అప్‌డేట్ నొక్కితే 2014 వరకు వచ్చినవన్నీ దిగేవి. ఈ వెసులుబాటు 2020లో పోయింది. షా-1 అనే పాత పద్ధతిలో సంతకం చేసిన అప్‌డేట్లను అందించే సర్వర్ దారులను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జూలై చివరలో మూసివేసింది. షా-1 బలహీనమైపోయింది కాబట్టి భద్రత రీత్యా అది సబబే. కానీ ఎక్స్‌పీకి ఆ దారి తప్ప మరొకటి తెలియదు. దాంతో హార్డ్ డిస్కు పోయి, ఎక్స్‌పీ సవరణల చివరి ఉమ్మడి కట్ట అయిన సర్వీస్ ప్యాక్ 3 ఉన్న సీడీతో కొత్తగా సిస్టమ్ ఎక్కించుకున్న వ్యక్తి 2008 నాటి స్థితిలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆరేళ్ళ భద్రతా సవరణలు సిద్ధంగా ఉండి కూడా అందకుండా పోయాయి.

లెగసీ అప్‌డేట్ 2022లో వచ్చి సరిగ్గా ఈ తెగిన లంకెను అతికించింది. పాత కంప్యూటర్ అడిగే ప్రశ్నలను దానికి అర్థమయ్యే భాషలోనే అందుకొని, మైక్రోసాఫ్ట్ వైపు చేరవేసి, జవాబు తెచ్చి ఇచ్చే మధ్యవర్తి సర్వర్ ఇందులో ముఖ్యభాగం. ఎక్స్‌పీతో పాటు విండోస్ 2000, విస్టా, 7, 8 వంటి వాటికీ ఇది పనిచేస్తుంది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఒకటుంది. ఔత్సాహికులు నడిపే సేవే అయినా, కంప్యూటర్‌లోకి దిగేవి ఔత్సాహికులు మార్చి కట్టిన ఫైళ్ళు కావు. మైక్రోసాఫ్ట్ సంతకంతో ఉన్న అసలు ప్యాకేజీలే దిగుతాయి, ఎక్కించే ముందు ఆ సంతకాన్ని విండోస్ తానే సరిచూసుకుంటుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివారి మీద పెట్టవలసిన నమ్మకం దీనివల్ల బాగా తగ్గుతుంది. ‘అప్‌డేట్లన్నీ కలిపేసిన ఎక్స్‌పీ’ అంటూ చేతులు మారే ఐఎస్ఓలకూ (ఇన్‌స్టాల్ సీడీ నకలు ఫైళ్ళకూ) దీనికీ మధ్య నేను గీసే గీత ఇదే. ఆ ఐఎస్ఓల్లో ఎవరు ఏ ఫైలు మార్చారో కనిపెట్టే మార్గం సామాన్యుడికి లేదు. అలాంటిది ఇన్‌స్టాల్ చేసిన యంత్రంలో ఖాతాదారుల వివరాలు పెట్టడం నా దృష్టిలో నిర్లక్ష్యమే.

నేను చూసుకునే యంత్రం ఒక చిన్న ప్రెస్సులోది. కోర్ 2 డ్యూయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్. పని మొదలుపెట్టే ముందు చూడవలసింది టాస్క్‌బార్ మూలన ఉన్న తేదీ. పాత మదర్‌బోర్డుల్లో నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయి ఉండడం సర్వసాధారణం. స్విచ్ తీసి వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే భద్రతా సర్టిఫికెట్లేవీ చెల్లవు, సురక్షిత కనెక్షన్లన్నీ విఫలమవుతాయి, నేరం మాత్రం అప్‌డేట్ సేవ మీదకు పోతుంది. మార్కెట్లో ఎక్కడైనా దొరికే సీఆర్2032 బ్యాటరీ మార్చిన తరువాతే మిగతా పని పెట్టుకోవాలి.

కొత్తగా ఎక్కించిన ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఈనాటి సైట్లలో చాలావాటిని తెరవలేదు. లెగసీ అప్‌డేట్ నిర్మాతలు ఇది గుర్తెరిగి, ఎన్‌క్రిప్షన్ లేని పాత హెచ్‌టీటీపీలో కూడా తమ సైట్ తెరుచుకునేలా ఉంచారు. ఆ ఏర్పాటు మెచ్చుకోదగినదే అయినా, నేను మాత్రం ఇన్‌స్టాలర్‌ను కొత్త కంప్యూటర్‌లో సురక్షిత కనెక్షన్ ద్వారా దించుకొని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్ళాను. ఎన్‌క్రిప్షన్ లేని దారిలో వచ్చే ఫైలును మధ్యలో ఎవరైనా మార్చవచ్చు కాబట్టి రెండో కంప్యూటర్ అందుబాటులో ఉన్నవారంతా ఇదే చేయాలని నా సలహా. ఇన్‌స్టాలర్ చిన్నది. సర్వీస్ ప్యాక్ 3 ఉందో లేదో చూసుకుంటుంది, విండోస్ అప్‌డేట్ ఏజెంట్‌ను ఎక్స్‌పీకి దొరికే చివరి వెర్షన్‌కు తెస్తుంది, కాలం తీరిన రూట్ సర్టిఫికెట్ల స్థానంలో కొత్తవి వేస్తుంది. ఈ మూడింటిలో సర్టిఫికెట్ల పని పైకి కనిపించదు గానీ దాని ఫలితం విస్తారం. ఏ సంస్థను నమ్మాలో సిస్టమ్‌కు చెప్పే జాబితా అది. అది పాతబడితే అప్‌డేట్లే కాదు, సాఫ్ట్‌వేర్‌ల సంతకాల తనిఖీ కూడా దెబ్బతింటుంది.

ఆపైన తెరుచుకునే పేజీ, 2000ల నాటి విండోస్ అప్‌డేట్ పేజీ గుర్తున్నవారికి సుపరిచితంగా ఉంటుంది. ఎక్స్‌ప్రెస్, కస్టమ్ అని రెండు బటన్లు ఉంటాయి. కస్టమ్ ఎంచుకొని ప్రతి వరుసనూ చదవమని గట్టిగా చెబుతాను. వందకు పైగా అప్‌డేట్లు వస్తాయి, వాటిలో అవసరం లేనివీ ఉంటాయి. ఉదాహరణకు కేబీ2934207 (కేబీతో మొదలయ్యేవి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లకు ఇచ్చే సంఖ్యలు) అనేది ఎక్స్‌పీకి మద్దతు ముగుస్తోందని హెచ్చరించే పెట్టెను తెరమీదకు తేవడానికే వచ్చిన అప్‌డేట్. దాని ముందున్న టిక్ తీసివేయడం మేలు. మొదటిసారి వెతకడానికి చాలాసేపు పడుతుంది. ఆ సమయంలో ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రాసెస్ ప్రాసెసర్ మొత్తాన్ని ఆక్రమించినట్టు టాస్క్ మేనేజర్‌లో కనబడితే కంగారుపడి రీస్టార్ట్ చేయకూడదు. ఇది ఎక్స్‌పీ చివరి రోజుల నుంచీ ఉన్న జబ్బు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు నెలనెలా వచ్చిన సవరణల్లో ప్రతిదీ దాని ముందుదాన్ని రద్దుచేస్తూ పోవడంతో ఆ గొలుసు ఎంతో పొడవైంది. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తేల్చుకోవడానికే పాత ఏజెంట్ గంటలు తీసుకునేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8ను, దాని చివరి ఉమ్మడి సవరణను ముందుగా విడిగా ఎక్కించేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

మద్దతు తేదీ దాటిన తరువాతి అప్‌డేట్ల సంగతి వేరు. దుకాణాల్లో బిల్లింగ్ యంత్రాల కోసం మైక్రోసాఫ్ట్ పోస్‌రెడీ 2009 అనే సిస్టమ్‌ను అమ్మింది. దాని పునాది ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3యే. దానికి 2019 ఏప్రిల్ 9 వరకు భద్రతా సవరణలు వచ్చాయి. సిస్టమ్ సెట్టింగులు దాచే ఎక్స్‌పీ రిజిస్ట్రీలో సిస్టమ్ కింద డబ్ల్యూపీఏ అనే శాఖలో పోస్‌రెడీ అనే కీ సృష్టించి, అందులో ఇన్‌స్టాల్డ్ అనే విలువను 1గా పెడితే ఆ సవరణలు మామూలు ఎక్స్‌పీకి కూడా దిగుతాయని 2014లోనే ఔత్సాహికులు కనిపెట్టారు. ఆ ఒక్క అంకెతో ఐదేళ్ళ అదనపు సవరణలు చేతికి వచ్చాయి. ఇవి ఎక్స్‌పీ కోసం తయారుచేసి పరీక్షించినవి కావనీ, పూర్తి రక్షణ ఇవ్వకపోగా చిక్కులు తేవచ్చనీ మైక్రోసాఫ్ట్ అప్పుడే హెచ్చరించింది. ఆ హెచ్చరికను నేను తేలికగా తీసుకోను. అందుకే ముందు డిస్కు మొత్తానికి నకలు తీసిన తరువాతే ఆ కీ పెట్టాను. పేజ్‌మేకర్, అను, స్కానర్, ప్రింటర్ ఏవీ ఇబ్బంది పడలేదు. ఈ ఉపాయం 32 బిట్ ఎక్స్‌పీకి మాత్రమే వర్తిస్తుంది. 64 బిట్ ఎక్స్‌పీ సర్వర్ 2003 వంశానికి చెందినది, దాని సవరణలు 2015 జూలైతో ముగిశాయి.

పోస్‌రెడీ సవరణల్లో కేబీ4019276 ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఎక్స్‌పీలో అంతర్గతంగా ఉన్న సురక్షిత సంభాషణ యంత్రాంగానికి నెట్ సంభాషణను గుప్తీకరించే టీఎల్ఎస్ పద్ధతిలో 1.1, 1.2 వెర్షన్లను నేర్పేది ఇదే. ఇది ఎక్కించి, రిజిస్ట్రీలో తగిన విలువలు పెట్టిన తరువాత, విండోస్ యంత్రాంగం మీద ఆధారపడే పాత ప్రోగ్రాములు కొన్ని మళ్ళీ సర్వర్లతో మాట్లాడగలుగుతాయి. అయితే దీని హద్దులు తెలిసి ఉండాలి. ఈనాటి సర్వర్లు ఎక్కువగా కోరుకునే ఎలిప్టిక్ కర్వ్ ఆధారిత గుప్తీకరణ ఎక్స్‌పీకి రాదు. ఒకే చిరునామా మీద అనేక సైట్లు నడిచేటప్పుడు ఏ సైట్ కావాలో ముందుగా చెప్పే ఎస్ఎన్ఐ సౌకర్యమూ లేదు. కాబట్టి అప్‌డేట్లన్నీ వేసిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 కూడా వెబ్ వాడకానికి పనికిరాదు. దాన్ని లెగసీ అప్‌డేట్ పేజీకి పరిమితం చేయడమే సరి.

వెబ్ కోసం బ్రౌజర్‌ను విడిగా తెచ్చుకోవాలి. ఎక్స్‌పీకి క్రోమ్ 49తోనూ, ఫైర్‌ఫాక్స్ 52 దీర్ఘకాలిక విడుదలతోనూ అధికారిక మద్దతు ముగిసింది. 2018 తరువాత వాటికి ఏ సవరణా రాలేదు కాబట్టి ఇప్పటికీ వాటినే వాడడం ప్రమాదకరం. ఔత్సాహికుల కృషి ఇక్కడ నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. ఫైర్‌ఫాక్స్ 68ను ఎక్స్‌పీపై నడిచేలా మలిచిన మైపాల్ 68 ఒకటి. క్రోమ్‌కు పునాది అయిన క్రోమియంలో కొత్త వెర్షన్‌ను ఎక్స్‌పీ దాకా వెనక్కి తెచ్చిన సూపర్మియం మరొకటి. కొత్త క్రోమియం ఎక్స్‌పీలో లేని ఎన్నో సిస్టమ్ పిలుపులను కోరుతుంది. వాటిలో ప్రతిదానికీ ప్రత్యామ్నాయం రాసి, క్రోమియం మారినప్పుడల్లా మళ్ళీ సరిచేస్తూ ఉండడం సామాన్యమైన శ్రమ కాదు. సైట్లు సరిగ్గా తెరుచుకోవడంలో సూపర్మియం ముందుంది, తేలికగా నడవడంలో మైపాల్ ముందుంది. 2 జీబీ ర్యామ్ మీద సూపర్మియంలో రెండు మూడు ట్యాబులకు మించి తెరిస్తే హార్డ్ డిస్కు దీపం వెలుగుతూనే ఉంటుంది, పేజ్‌మేకర్ కిటికీ మారడానికి ఆలస్యం చేస్తుంది. నేను ప్రెస్సు యంత్రంలో మైపాల్‌నే ఉంచాను, ఈమెయిల్‌లో వచ్చిన జోడింపును దించుకోవడానికి అది చాలు.

బ్రౌజర్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందన్నది మన పాఠకులకు ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంట్ ఉంది, కీబోర్డూ ఉంది. కానీ భారతీయ లిపులు మామూలు ఇన్‌స్టాలేషన్‌లో చేతనం కావు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో సంక్లిష్ట లిపుల పెట్టెకు టిక్ పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. అందుకే సీడీలోని ఐ386 ఫోల్డర్‌ను డిస్కులోకి ముందే కాపీ చేసి పెట్టుకోవడం మంచిది. ఆ తరువాత కూడా అక్షరాల అంచులు పళ్ళు పళ్ళుగా కనబడతాయి. కారణం, కొత్తగా ఎక్కించిన ఎక్స్‌పీలో క్లియర్‌టైప్ ఆపి ఉంటుంది. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో అపియరెన్స్ కింద ఎఫెక్ట్స్ బటన్ నొక్కి, అక్షరాలను నునుపుచేసే పద్ధతిగా క్లియర్‌టైప్ ఎంచుకోగానే ఎల్‌సీడీ తెరపై తెలుగు చదవడం సుఖంగా ఉంటుంది. ఈ ఒక్క మార్పు చూసి ప్రెస్సులోని ఆపరేటర్ తెర మార్చారా అని అడిగారు.

నోట్‌ప్యాడ్ వంటి వాటిలో అక్షరాల కూర్పు ఎక్స్‌పీ నాటి యూనిస్క్రైబ్ చేతిలో ఉంటుంది. మైపాల్, సూపర్మియం మాత్రం హార్ఫ్‌బజ్ అనే తమ సొంత కూర్పు యంత్రాంగాన్ని వాడతాయి. అందువల్ల గుణింతాలూ సంయుక్తాక్షరాలూ నోట్‌ప్యాడ్‌లో కన్నా ఈ బ్రౌజర్లలోనే పొందికగా కనిపిస్తాయి. గౌతమికి తోడు ఒక కొత్త యూనికోడ్ తెలుగు ఫాంట్‌ను కూడా వేసుకోవాలి. 2010లో వచ్చిన రూపాయి గుర్తు ఎక్స్‌పీతో వచ్చిన ఫాంట్లలో ఉండదు, ఆ స్థానంలో ఖాళీ పెట్టె కనబడుతుంది. రేట్ల పట్టికలు ముద్రించే ప్రెస్సుకు ఇది రోజూ ఎదురయ్యే లోటు. ఆ గుర్తు ఉన్న ఫాంట్ ఒకటి వేస్తే తీరిపోతుంది.

మిగతా అవసరాలు సులభంగానే తీరతాయి. 7-జిప్ ఇప్పటికీ ఎక్స్‌పీపై నడుస్తుంది, వీఎల్‌సీ 3 వరుస కూడా నడుస్తుంది. లిబ్రేఆఫీస్‌లో 5.4 ఎక్స్‌పీకి చివరి వెర్షన్. ఖాతాదారులు పంపే వర్డ్ ఫైళ్ళు తెరవడానికి అది సరిపోతుంది, కానీ అవతలివారు ఎవరో తెలియని ఫైలును అందులో తెరవకూడదు.

ఇంకా ముందుకు వెళ్ళాలనుకునేవారి కోసం వన్-కోర్-ఏపీఐ ఉంది. ఎక్స్‌పీలోని కెర్నల్32 వంటి మూల ఫైళ్ళనే మార్చివేసి, విస్టా, 7 వంటి తరువాతి విండోస్‌ల కోసం రాసిన ప్రోగ్రాములను నడిపించడం దాని లక్ష్యం. ఈ ఆలోచనకు పెద్ద వంశమే ఉంది. 2006 జూలై 11న మద్దతు ముగిసిన విండోస్ 98కి కెర్నల్‌ఈఎక్స్ ఇదే సేవ చేసింది. దానితో పాటు ఔత్సాహికులు కూర్చిన అనధికారిక సర్వీస్ ప్యాక్, పెన్‌డ్రైవ్‌లను డ్రైవర్ సీడీ లేకుండా గుర్తించే యూఎస్‌బీ డ్రైవర్ కట్ట విండోస్ 98కి ఎన్నో ఏళ్ళ ఆయుష్షు పోశాయి. ఆ పరంపర మీద నాకు గౌరవం ఉంది. అయినా ప్రెస్సు యంత్రానికి వన్-కోర్-ఏపీఐని నేను సిఫారసు చేయను. దీన్ని వేసిన తరువాత సిస్టమ్‌లోని మూల ఫైళ్ళు మైక్రోసాఫ్ట్ సంతకం చేసినవి కావు. పేజ్‌మేకర్ ఒకరోజు అకస్మాత్తుగా మూసుకుపోతే కారణం ఎక్కడని వెతకాలో తెలియదు. లెగసీ అప్‌డేట్ పాత సిస్టమ్‌ను దాని తయారీదారు ఉద్దేశించిన చివరి స్థితికి చేరుస్తుంది, ఇది ఎక్స్‌పీని మరొక సిస్టమ్‌గా మార్చబోతుంది. ప్రయోగాలకు విడిగా ఒక డిస్కు ఉన్నవారు వాడి చూడవచ్చు, రేపు పొద్దున శుభలేఖలు ఇవ్వవలసినవారు దాని జోలికి పోకూడదు.

భద్రత విషయంలో మొహమాటం లేకుండా చెప్పవలసింది ఉంది. లెగసీ అప్‌డేట్‌తోనూ పోస్‌రెడీ కీతోనూ చేరగలిగే చివరి గమ్యం 2019 మాత్రమే. ఆ తరువాత కనుగొన్న లోపాలకు ఎక్స్‌పీలో సవరణ లేదు. సోర్సు కోడ్ చేతిలో లేని ఔత్సాహికులు ఆ లోటు పూర్తిగా తీర్చలేరు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై దాడి 2017 మే 12న మొదలై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకింది. ప్రపంచవ్యాప్తంగా ఆ దాడిలో ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలే. అయినా మద్దతు ముగిసి మూడేళ్ళు దాటిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ కేబీ4012598 విడుదల చేయవలసి వచ్చింది. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లోని బ్లూకీప్ లోపానికీ అలాగే కేబీ4500331 ఇచ్చింది. కొత్తగా ఎక్కించిన సిస్టమ్‌లో ఈ రెండూ చేరాయో లేదో పేర్లతో సహా సరిచూసుకోవాలి. జాబితాలో కనబడకపోతే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి విడిగా తెచ్చి వేయాలి. రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆపివేయాలి. ఎక్స్‌పీ ఫైళ్ళ పంపకానికి వాన్నాక్రై చొరబడిన ఎస్ఎంబీ పాత వెర్షన్ ఒక్కటే తెలుసు. ఎక్స్‌పీతో మాట్లాడించడం కోసం ఆఫీసులోని విండోస్ 10, 11 కంప్యూటర్లలో దాన్ని మళ్ళీ తెరిచే అలవాటు చాలాచోట్ల చూస్తున్నాం. దానివల్ల పాత యంత్రం బలహీనత కొత్త యంత్రాలకు అంటుకుంటుంది. ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో మోయడం విసుగనిపించినా అదే మంచిది. బ్యాంకు లావాదేవీలు, జీఎస్‌టీ దాఖలు, ఆధార్ పత్రాలు ఈ యంత్రంలో చేయకూడదు. ప్రెస్సులో నేను నెట్ కేబుల్‌ను అప్‌డేట్లప్పుడూ ఈమెయిల్ దించుకునేటప్పుడూ మాత్రమే పెట్టమని చెప్పాను, ఆపరేటర్ ఆ క్రమాన్ని పాటిస్తున్నారు.

ఇంత శ్రమ పడేకన్నా కొత్త కంప్యూటర్‌లో, లోపల మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసి అందులో ఎక్స్‌పీ నడపకూడదా అన్నది న్యాయమైన ప్రశ్న. కేవలం పాత ఫైళ్ళు తెరిచి పీడీఎఫ్ చేసుకోవాలనుకునేవారికి అదే ఉత్తమ మార్గం. పని మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకొని, తేడా వస్తే క్షణాల్లో వెనక్కి వెళ్ళవచ్చు. లెగసీ అప్‌డేట్ అక్కడా అంతే చక్కగా పనిచేస్తుంది. కానీ ప్యారలల్ పోర్టుకు తగిలించే ప్రింటర్లు, ఎక్స్‌పీ తరువాత డ్రైవర్ రాని స్కానర్లు ఉన్నవారికి అసలు యంత్రమే శరణ్యం. ఎక్స్‌పీ వంటి సిస్టమ్‌ను మొదటి నుంచీ ఓపెన్ సోర్స్‌గా రాస్తున్న రియాక్ట్ఓఎస్ ఎంతో గొప్ప ప్రయత్నమే అయినా ఇంకా ఆల్ఫా దశలోనే ఉంది, రోజువారీ జీవనాధారాన్ని దానిపై పెట్టే స్థితి రాలేదు.

పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టుకుంటే ఎక్స్‌పీ ఎంతో చురుకుగా నడుస్తుంది, అయితే రెండు జాగ్రత్తలు కావాలి. ఎక్స్‌పీ ఇన్‌స్టాలర్‌కు సాటా డిస్కులతో మాట్లాడే ఏహెచ్‌సీఐ పద్ధతి డ్రైవర్ తెలియదు కాబట్టి చివర్లో 7బీ అంకెతో నీలితెర వస్తుంది. బయోస్‌లో సాటా విధానాన్ని ఐడీఈకి మార్చాలి, లేదా ఎన్‌లైట్‌తో డ్రైవర్‌ను సీడీలోనే కలుపుకోవాలి. ఎక్స్‌పీ పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, ఇది ఎస్ఎస్‌డీ లోపలి విభజనతో పొసగదు. పార్టిషన్‌ను ముందుగా కొత్త కంప్యూటర్‌లోనో లినక్స్ లైవ్ డిస్కుతోనో 2048వ సెక్టార్ నుంచి సృష్టించి, అందులో ఎక్స్‌పీని ఎక్కించాలి.

లెగసీ అప్‌డేట్‌లో నాకు కనిపించే అసలు బలహీనత దాని నిర్మాతల చేతిలో లేనిది. దిగే ప్యాకేజీలు మైక్రోసాఫ్ట్‌వి కాబట్టి ఆ ఫైళ్ళను ఆ సంస్థ పూర్తిగా తొలగించిన రోజున మధ్యవర్తి ఎంత సమర్థంగా ఉన్నా చేరవేయడానికి ఏమీ ఉండదు. షా-1 దారులు మూసిన తీరు చూస్తే అలాంటి రోజు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందువల్ల ఎక్స్‌పీ యంత్రం మీద బతుకుతెరువు ఉన్నవారు ఈ పని వాయిదా వేయవద్దు. అప్‌డేట్లన్నీ పూర్తయి, పేజ్‌మేకర్, అను, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు సరిగ్గా కుదిరిన మరుక్షణం క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తానికి ఇమేజ్ తీసి, ఒక ప్రతిని బయటి డిస్కులోనూ మరొక ప్రతిని వేరే చోటా భద్రపరచాలి. ఆ ఇమేజ్‌ను ఒకసారి ఖాళీ డిస్కుపైకి తిరిగి ఎక్కించి, ఏదైనా పాత శుభలేఖ తెరిచి, ప్రింట్ తీసి చూసుకోవాలి.